ఆకాశరామన్న మా చుట్టం

మా బావ నన్ను తిట్టిన మొదటి తిట్టు నాకింకా గుర్తుంది. 1984 శ్రావణంలో మా అక్క పెళ్ళి. తెనాలి దగ్గర మా ఊళ్ళో, ఇంటి ముందు తాటాకు పందిట్లో మగపెళ్ళివారి బంతి సాగుతోంది. నేను నెయ్యి వడ్డిస్తున్నాను. పందొమ్మిదేళ్ళ వయసు, చేతిలో నేతిగిన్నె, చెవిలో "రెండో బంతికి కూడా రావాలిరా" అన్న మా అమ్మ హెచ్చరిక. కొత్త పెళ్ళికొడుకు తన విస్తట్లో పడిన నేతిబొట్టును కాసేపు తేరిపార చూసి, పక్కనున్న వాళ్ళ మేనమామ వైపు తిరిగాడు. "మామయ్యా, ఈ కుర్రాడు హోమియోపతీ డాక్టరయ్యేట్టున్నాడు."

బంతి బంతంతా నవ్వింది. నా చెవులు ఎర్రబడ్డాయి. ఆ పూట నుంచి ఆ ఇంట్లో నా పేరు డాక్టరుగారు. తర్వాత నేను బ్యాంకులో గుమాస్తాగా చేరి, మేనేజరునై, రిటైరైపోయినా సరే, వాళ్ళ వైపు పిల్లల్లో కొందరు నేను నిజంగానే ఏదో వైద్యం చేసేవాణ్ణనుకుంటారు. ఒకావిడ మోకాళ్ళ నొప్పికి మందడిగింది కూడా.

ఆ తిట్టుకు నాకెందుకు కోపం రాలేదా అని ఇన్నేళ్ళకు ఆలోచిస్తే తోచింది ఒకటే. అది నా కోసమే తయారైంది. నా చెయ్యి వణకడం, గిన్నెను పసిబిడ్డలా పొదివి పట్టుకోవడం, గరిటె అంచున బొట్టును బతిమాలి ఆపడం, అన్నీ ఆయన చూశాడు. దర్జీ కొలతలు తీసుకున్నట్టు చూశాడు. ఆ తిట్టు ఇంకెవరికి తొడిగినా భుజాల దగ్గర పట్టేస్తుంది.

మన పెళ్ళిళ్ళలో ఇదొక శాస్త్రం. వియ్యాలవారి పాటలు పాడే ముసలమ్మలు మా ఊళ్ళో ముగ్గురుండేవాళ్ళు. పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నమే విడిది ఇంటి చుట్టూ తిరిగి, నీళ్ళు మోసే పిల్లను పిలిచి, వియ్యపురాలు ఎన్ని చీరలు తెచ్చుకుంది, మెడలో గొలుసు ఎంత లావు, వియ్యంకుడు పొద్దున ఎన్ని ఇడ్లీలు తిన్నాడు అని కూపీ లాగేవాళ్ళు. సాయంత్రానికి అదంతా పాటై వచ్చేది. గొలుసు గిల్టుదైపోయేది, ఇడ్లీలు పదిరెట్లయ్యేవి. వియ్యపురాలు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వినేది. పాటలో తన పేరు రాకపోతే మాత్రం మూడు నిద్రలకీ ముఖం మాడ్చుకునేది. తిట్టించుకోవడమూ ఒక లాంఛనమే మరి.

దేవుణ్ణి కూడా మనం ఇలాగే చూసుకున్నాం. గోల్కొండ చెరసాల్లో కంచర్ల గోపన్న తాను చేయించిన నగల లెక్కలన్నీ రాముడి మొహానే చదివి, మర్యాద దాటి నిలదీసి, ఆనక దెబ్బలకోర్వలేక అన్నానని చల్లబడ్డాడు. కాసుల పురుషోత్తమ కవి ఇంకా ఘనుడు. శ్రీకాకుళంలో, అంటే కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళంలో, కొలువైన ఆంధ్రమహావిష్ణువును దెప్పడానికే ఒక శతకం కట్టాడు. నిందాస్తుతి అన్నారు దాన్ని. నీ సంసారం సంగతి నాకు తెలుసులేవయ్యా అనగలగాలంటే ముందు ఆ ఇంట్లో మసలి ఉండాలి.

ఇక మా ఇంటి గేదె సంగతి.

అక్క పెళ్ళయ్యాక, పదహార్రోజుల పండగకు బావ మా ఇంటికొచ్చే లోపలే, ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. మా నాన్న తెలుగుదేశం. బావ వాళ్ళది తాతల నాటి కాంగ్రెస్ ఇల్లు. ఎమ్మెల్యేలను రామకృష్ణా స్టూడియోలో ఉంచారని, కర్ణాటక తరలించారని, నంది హిల్స్‌లో ఉన్నారని, ఎవరి వైపు ఎంతమందో రోజుకో లెక్క. సాయంత్రం రేడియోలో ప్రాంతీయ వార్తలు రాగానే మా అరుగు మీద యుద్ధం. అయితే కొత్త అల్లుణ్ణి మొహాన తిట్టే సంప్రదాయం మాకు లేదు. అందుకని నాన్న గేదెను తిట్టేవాడు. "ఎవడు గడ్డి చూపిస్తే వాడి వెంట పోవడమేనటే? పాలు పట్టి పెంచినవాడు గుర్తులేడూ?" బావ కుర్చీలోంచి లేవకుండా, అతి వినయంగా, "మామగారూ, దీనికి పచ్చకామెర్లు తగిలినట్టున్నాయి. ఎటు చూసినా పసుపే కనిపిస్తున్నట్టుంది, పాపం" అనేవాడు. పండక్కొచ్చినవాడు ఏదో వంకతో వారం ఉన్నాడు. ఆ వారమంతా ఆ గేదె ఎన్ని పార్టీలు మారిందో చెప్పలేను. సెప్టెంబరు 16న రామారావు మళ్ళీ ప్రమాణం చేసిన రోజు నాన్న దానికి రెండు కుంచాల తవుడు అదనంగా పెట్టాడు. దసరాకి వచ్చిన బావ గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ అడిగిన మొదటి మాట, "గేదె కులాసాయేనా, మామగారూ?"

పాతరోజులన్నీ ఇంత ముచ్చటగా ఉండేవని చెబితే నేనూ అబద్ధమాడినట్టే. మా బంతిలో కూర్చోనివ్వని మనుషులు మా ఊరి చివర ఉండేవాళ్ళు. వాళ్ళ మీద పడే తిట్లలో ఏ చుట్టరికమూ లేదు, ఏ పరిశీలనా లేదు. మనిషిని చూడక్కర్లేకుండా కులం పేరే తిట్టుగా విసిరేవాళ్ళు. ఆ మాటలు మాటల దగ్గరే ఆగలేదని మా పక్కనే ఉన్న చుండూరు 1991 ఆగస్టు 6న చూపించింది. ఎనిమిది మంది దళితులను చంపేశారు. పేరు పెట్టి మనిషిని చెరిపేసే విద్య సెల్‌ఫోన్లతో వచ్చిందనుకునేవాళ్ళు ఆ వాడలో ఎవర్నయినా అడగాలి. మనకది కొత్తగా కనిపిస్తోందంటే, ఇన్నాళ్ళకు మన పందిరి దాకా వచ్చిందన్నమాట.

ఇప్పుడు చలామణిలో ఉన్న తిట్లను ఓసారి వరసగా పేర్చి చూశాను, రిటైరైనవాణ్ణి కదా, తీరిక. పేటీఎం బ్యాచ్. భక్తులు. గొర్రెలు. బానిసలు. గులాములు. ఎల్లో మీడియా, బ్లూ మీడియా. అర్బన్ నక్సల్. 2021లో ప్రధాని రాజ్యసభలో 'ఆందోళన్‌జీవి' అన్నారు. మరుసటి ఏడాది లోక్‌సభ సచివాలయం అచ్చేసిన అన్‌పార్లమెంటరీ మాటల పుస్తకంలో 'జుమ్లాజీవి' చేరింది. జీవులకు కొదవ లేదు.

వీటిలో కొన్నింటి పుట్టుక మహా తమాషాగా ఉంటుంది. 'ఎల్లో' అన్న మాట 1890లలో న్యూయార్క్‌లో పుట్టింది. పులిట్జర్ పత్రికా, హర్స్ట్ పత్రికా పోటీపడి వేసుకున్న బొమ్మల్లో పసుపు చొక్కా తొడుక్కున్న ఒక బోడిగుండు కుర్రాడుండేవాడు. ఆ కుర్రాడి చొక్కా రంగే సంచలనాల జర్నలిజానికి పేరైంది. వందేళ్ళు తిరిగి ఆ మాట మన దగ్గరికొచ్చేసరికి, ఇక్కడ ఒక పార్టీ జెండా పసుపు. ఇంకేం, చొక్కా సరిగ్గా సరిపోయింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పేర్లు చెప్పకుండా "ఆ రెండు పత్రికలు" అనేవారు, అందులో కాస్త పాతకాలపు మర్యాద ఉండేది. మా నాన్న గేదెలాగా. తర్వాత రంగులొచ్చి ఆ చాటు కూడా పోయింది.

పేటీఎం సంగతి ఇంకా చిత్రం. అయిదు రూపాయలు పడితే పోస్టు పెడతాడని దాని తాత్పర్యం. చైనావాళ్ళకూ అచ్చంగా ఇదే తిట్టుంది. సర్కారును వెనకేసుకొచ్చేవాణ్ణి 'అర యువాన్ పార్టీ' అంటారు. అర యువాన్ అంటే మన లెక్కలో అయిదారు రూపాయలే. ఇంత పెద్ద రెండు దేశాలు, మనిషి అభిప్రాయానికి ఒకరినొకరు అడక్కుండానే ఒకే రేటు కట్టాయి. ఆ చైనా పోస్టుల మీద అమెరికా పండితులు కొందరు 2017లో ఒక పరిశోధన అచ్చేశారు. ఏడాదికి 44 కోట్ల పైచిలుకు పోస్టులని లెక్కగట్టారు. రాసేవాళ్ళలో ఎక్కువమంది ప్రభుత్వోద్యోగులేనట. వాళ్ళు అసలు ఎవరితోనూ వాదించరట, మాట మారుస్తారట. జీతాలిచ్చి మరీ మాట మార్పించుకోవడం ఎందుకో నాకు అర్థం కాలేదు. మా కాలనీ గ్రూపులో ఆ పని ఉచితంగా జరుగుతుంది.

సరే, ఈ తిట్లన్నీ కలిపి చూస్తే నాకు కనిపించిందేమిటంటే, వీటిలో ఏ ఒక్కటీ ఎదుటివాడు తప్పు చేశాడని అనదు. దొంగ, లంచగొండి, అబద్ధాలకోరు అన్నప్పుడు కనీసం ఆ పని చేసినవాడొకడు ఉన్నాడని ఒప్పుకున్నట్టు. గొర్రె, బానిస, బ్యాచ్ అన్నప్పుడు అక్కడ మనిషే లేడంటున్నాం. వాడి నోట్లో మాట వాడిది కాదు, ఎవడో పెట్టింది. తొత్తు, చెంచా పాతమాటలే, కాని ఒకప్పుడు అవి పెద్దమనిషి పక్కన నిలబడే ఫలానావాడికే దక్కేవి. ఇప్పుడు లక్షల మందికి ఒకే కొలత. అంగడి రెడీమేడ్. వాడు ఎవడో చూడాల్సిన పనిలేదు. చూడకుండా ఉండటానికే ఆ సరుకు.

తెలంగాణ ఉద్యమకాలంలో ఇది నా బల్ల ముందే జరిగింది. హైదరాబాద్‌లో మా బ్రాంచిలో నేనూ, కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన ఒక సహోద్యోగీ పక్కపక్క కౌంటర్లు. పదేళ్ళు ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నాం. ఆయన సకినాలు నాకు, మా ఇంటి గోంగూర ఆయనకు. 2009 డిసెంబరు తర్వాత డబ్బాలు మెల్లగా వేరుపడ్డాయి. నేను 'సెటిలర్'నయ్యాను, ఆయన మావాళ్ళ నోట 'తెలబాన్' అయ్యాడు. 2010 డిసెంబరు 30న శ్రీకృష్ణ కమిటీ నివేదిక ఇచ్చింది, వారానికి బయటపెట్టారు. ఆరు మార్గాలు సూచించింది. ఆయన తన మార్గమున్న పేజీ ప్రింటు తీసి తెచ్చాడు, నేను నా మార్గమున్న పేజీ తెచ్చాను. మిగతా వందల పేజీలు ఇద్దరం చదవలేదు. అన్నిటికంటే వింత, ఎనిమిదో అధ్యాయాన్ని సీల్డ్ కవర్లో పెట్టి కేంద్ర హోంశాఖకిచ్చారు. అప్పటికి ఎవరూ చూడని ఆ ఒక్క అధ్యాయంలో ఏముందో మా బ్రాంచిలో మాత్రం ప్యూనుతో సహా అందరికీ తెలుసు. అదీ రెండు రకాలుగా.

ఇంతకీ మీది ఏ పార్టీ అని ఈపాటికి మీరు అడుగుతూ ఉంటారు. చెప్పను. చెబితే ఇక్కడితో ఆపేసి నాకో పేరు పెడతారు. 1984ను బట్టి ఊహించబోయి భంగపడకండి, మా రెండు ఇళ్ళూ అప్పట్నుంచి చెరో రెండుసార్లు మారాయి, ఎప్పుడూ ఎదురెదురుగానే. అది మా వంశాచారం.

అబద్ధాల విషయానికొస్తే, మా చిన్నప్పుడు వాటికో పోస్టుమాన్ ఉండేవాడు. ఆకాశరామన్న. కరణం మీద కలెక్టరుకు, పంతులుగారి మీద డిప్యూటీ ఇన్‌స్పెక్టరుకు, పెళ్ళి కుదిరిన పిల్ల మీద పెళ్ళికొడుకు తండ్రికి, సంతకం లేని ఉత్తరం వెళ్ళేది. అక్క సంబంధం ఖాయమయ్యాక బావ వాళ్ళింటికీ ఒకటి వెళ్ళింది. పిల్లకు మెల్లకన్నని రాశారట. బావ తండ్రి దాన్ని పందిరి రాటకు గుచ్చి, పెళ్ళికొచ్చినవాళ్ళందరికీ చూపించి, "మా కోడలికి అప్పుడే శత్రువులున్నారు, అంటే మంచి సంబంధమే" అన్నాడు. ఆకాశరామన్న ఎంత విషం రాసినా ఒక్క లోటు మాత్రం వదిలేది కాదు. ఎవరు చెప్పారు అంటే జవాబుండదు. ఉత్తరం చింపేసేవాడికి ఆ ఒక్కటీ చాలు.

పుకార్లు వేరే. తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నాం. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడంటే బ్యాంకులో సగం సీట్లు ఖాళీ అయ్యాయి, మా మేనేజరుగారు కూడా గ్లాసు పట్టుకుని వెళ్ళి వచ్చారు. అవి వెర్రే, ఒప్పుకుంటాను. కానీ ఆ స్త్రీ ఏ పార్టీ ఇంటికీ మినహాయింపు ఇవ్వలేదు. భయపడితే ఊరంతా భయపడింది. మా వీధిలో ఏళ్ళ తరబడి మాటల్లేని రెండిళ్ళ ఆడవాళ్ళు ఆ వారమే సుద్దముక్క అరువిచ్చుకున్నారు.

2018లో వచ్చింది మాత్రం మరో జాతి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియో. వీధిలో ఆడుకునే పిల్లాణ్ణి మోటారుసైకిల్ మీద వచ్చినవాళ్ళు లాక్కుపోవడం అందులో కనిపిస్తుంది. నిజానికది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ మోటారుసైకిల్ తిరిగొచ్చి పిల్లాణ్ణి దింపి, జాగ్రత్తగా ఉండండని ఒక అట్ట చూపిస్తుంది. ఎవడో ఆ చివర కోసేశాడు. ఆ కోతకు మనుషులు పోయారు. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ, జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో పొట్టకూటికి తిరిగే సంచారజాతి మనుషులు అయిదుగురు. ఆ నెల్లోనే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి అయిదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. అదే కాలంలో జోగులాంబ గద్వాలలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి చేసిన పని నాకు ఎక్కువ నచ్చింది. ఊరికో పోలీసును అప్పగించి, డప్పు వేయించి, పాట కట్టించి ఇది అబద్ధమని చెప్పించారు. కంప్యూటర్ చేసిన దాన్ని డప్పుతో విరగ్గొట్టడమేమిటని నవ్వినవాళ్ళున్నారు. ఊరివాళ్ళకు తెలిసిన మొహం ఎదురుగా నిలబడి చెప్పడంలో ఉన్న బలం వాళ్ళకు తట్టలేదు.

ఆ బలమే అబద్ధానికీ పనికొస్తుందని నాకు నా చేత్తోనే తెలిసింది.

ఎన్నికలకు కొన్ని నెలల ముందు. ఏ ఎన్నికలంటే, ఆంధ్రలో 2019లోనూ ప్రభుత్వం మారింది, 2024లోనూ మారింది, ఏదైనా మీ ఇష్టం. నా సెల్లుకు ఒక ఫోటో వచ్చింది. వాగు మీద వంతెన నడిమికి విరిగి వేలాడుతోంది. మన జిల్లాలోనే, కట్టి ఏడాది కాలేదు, ఎంత తిన్నారో చూడండి అని కింద రాత. బావ వెనకేసుకొచ్చే ప్రభుత్వం అప్పుడు గద్దె మీదుంది. నాకు ఆనందం వేసింది, దాచుకోవడమెందుకు. బొమ్మను పెద్దది చేసి చూశాను. ఎడమ మూలన ఒక రాయి, దాని మీద అక్షరాలు. తెలుగు కావు. బెంగాలీయో, ఒడియానో, నాకు తెలియదు. తెలుగు కాదని మాత్రం తెలుసు. వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ మూల కత్తిరించాను. కత్తిరించి, 'మా వాళ్ళు' అన్న మా కుటుంబం గ్రూపులో పెట్టాను.

నమ్మి పంపానని అనుకుంటే ఇవాళ ఇంత బాధ ఉండేది కాదు. మోసపోయిన ముసలాణ్ణని సరిపెట్టుకునేవాణ్ణి. ఎంఐటీ పరిశోధకులు 2018లో చెప్పిన మాట ఒకటుంది. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన సుమారు 1,26,000 కథనాలు పట్టి చూస్తే, అబద్ధం నిజం కన్నా వేగంగా, దూరంగా పోయిందట. దానికి యంత్రాలు కారణం కాదట, మనుషులేనట. ఆ వార్త చదివినప్పుడు 'మనుషులు' అంటే ఎవరో తెలివి తక్కువవాళ్ళనుకున్నాను. ముప్ఫయ్యేళ్ళపాటు చెక్కుల మీద సంతకాలు సరిచూసిన కళ్ళు నావి. ఒక్క వంకర తేడా వస్తే చెక్కు తిప్పి పంపేవాణ్ణి. ఆ రాయి నా కళ్ళకు కనిపించింది. నిజమా కాదా అని కాదు నేను చూసింది, పనికొస్తుందా లేదా అని.

పావుగంటలో బావ అడిగాడు: "ఇది ఏ జిల్లారా?" ఆయన రోడ్లు భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను జవాబివ్వలేదు. మర్నాడు పొద్దున మళ్ళీ అడిగాడు: "ఏ వాగు మీద? మన దగ్గర పిట్టగోడ అలా కట్టరు." గ్రూపులో ముప్ఫయ్యారు మంది చూస్తున్నారు. అందులో టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడూ ఉన్నాడు, అక్కడి నుంచి ఇక్కడి వాగుల గురించి గట్టి అభిప్రాయాలున్నవాడు. నాకు వెనక్కి తగ్గే దారి కనిపించలేదు, వెతకనూ లేదు. "మీ బ్యాచ్‌కి ఎప్పుడూ ఆధారాలే కావాలి, కళ్ళు మాత్రం అక్కర్లేదు" అని రాశాను. చాలాసేపు ఏమీ రాలేదు. ఆ తర్వాత బావ నుంచి ఒక్క ముక్క: "అయిదు రూపాయలు పడ్డాయా?"

ముప్ఫై, నలభై ఏళ్ళుగా ఆ మనిషి చేత తిట్లు తిన్నాను. నా పిసినారితనం మీద, నా స్కూటర్ మీద, నేను పెంచబోయి పెరగని మీసం మీద. ఒక్కటీ గుచ్చుకోలేదు. ఇది గుచ్చుకుంది. ఎందుకంటే ఇందులో నేను లేను. రోడ్డు మీద పోయే ఎవణ్ణయినా ఈ మాట అనొచ్చు. ఆయనకూ అలాగే తగిలి ఉంటుందని అప్పుడు తోచలేదు. 'మీ బ్యాచ్' అన్నది నేనే కదా, ముందు.

సంక్రాంతికి మేం వెళ్ళలేదు. మనవడి పుట్టినరోజుకు వాళ్ళు రాలేదు. నేను ఫోన్ చేస్తే అక్క, "మీ బావ ఇప్పుడే బయటికెళ్ళారురా" అనేది. వెనకాల ఆయన దగ్గు వినిపించేది.

చాలా నెలలకు, ఎవరిదో దినానికి కలిసినప్పుడు, అరటాకులు కడుగుతూ అక్క చెప్పింది. "నువ్వు పంపావు కాబట్టి నిజమేననుకున్నారురా. రాత్రంతా పడుకోలేదు. మన శాఖ ఇంత దిగజారిందా అని, పాత ఆఫీసులో నలుగురికి ఫోన్లు చేశారు. మూడు జిల్లాల్లో కనుక్కున్నారు. బామ్మర్ది ఊరికే పంపడు, వాడు సంతకం చూడందే పైసా ఇవ్వడు అంటారు కదా ఎప్పుడూ."

నాకు అప్పుడు ఆకాశరామన్న గుర్తొచ్చాడు. పాపం, జీవితమంతా సంతకం లేక అవస్థపడినవాడు. నేనిచ్చాను. ఇంటిపేరిచ్చాను, నవ్వుతున్న నా ఫోటో ఇచ్చాను, నేతిగిన్నె రోజు నుంచి కూడబెట్టిన పరపతంతా ఇచ్చి ఆ ఇంటికి చుట్టంగా పంపాను. అదే నెల్లో బావను మాత్రం చుట్టరికంలోంచి తీసి ఒక బ్యాచ్‌లో వేశాను. ఒకే సెల్లులోంచి, ఒకే బొటనవేలితో.

ఆ రాత్రి గ్రూపులో రాశాను. ఫలానా తేదీన నేను పెట్టిన వంతెన మన రాష్ట్రానిది కాదు, మూల నేనే కత్తిరించాను, తప్పు నాది అని. ముప్ఫయ్యారు మందిలో ఒక్కరు బొటనవేలు చూపించారు, ఆయన దినం కబురుకు కూడా బొటనవేలే చూపిస్తాడు. ఇద్దరు దండాలు పెట్టారు, బహుశా అంతకు ముందు పెట్టిన సాయిబాబా బొమ్మకు. మేనల్లుడు మాత్రం నాకు విడిగా మెసేజ్ పెట్టాడు: "మామయ్యా, ఇప్పుడెందుకివన్నీ, అవతలివాళ్ళకు దొరికిపోతాం." బావ చూశాడని నీలం టిక్కులు చెప్పాయి. ఏమీ అనలేదు.

ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది. నా వైపువాళ్ళు గద్దెనెక్కారు. వానాకాలం రాగానే మా కాలనీ గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. వాగు మీద వంతెన నడిమికి విరిగి వేలాడుతోంది. కట్టి ఏడాది కాలేదు, ఎంత తిన్నారో చూడండి. ఊరి పేరు మారింది, తిన్నవాళ్ళు మారారు. ఎడమ మూల చూశాను. రాయి లేదు. ఆ అంచు కాస్త ఏటవాలుగా తెగి ఉంది, నా చెయ్యి వణికినచోట. అది నేను చేసిన కోతే.

కింద అప్పటికే ఇరవై ముప్ఫై స్పందనలు. నా పార్టీని బూతులు తిడుతున్నారు. ఇది పాత ఫోటో అండీ, ఇక్కడిది కాదు అని రాశాను. ఒకాయన వెంటనే అడిగాడు: "మీకెలా తెలుసు?" నేను టైపు చేసింది చెరిపేశాను, మళ్ళీ టైపు చేశాను, మళ్ళీ చెరిపేశాను. ఈలోగా ఇంకొకాయన నాకు అయిదు రూపాయలు పడ్డాయా అని వాకబు చేశాడు.

సెల్లు బోర్లించి పడుకోబోతుంటే టింగుమంది. గ్రూపులో కాదు, విడిగా. బావ. ఏడాది తర్వాత మొదటిసారి. అదే వంతెన, అదే కోత. కింద రెండు వాక్యాలు.

"డాక్టరుగారూ, మీ పేషెంటు మళ్ళీ కూలింది. ఈసారి ఎన్ని చుక్కలు వేయమంటారు?"

రాత్రి పదిన్నర దాటింది. అయినా అక్కకు ఫోన్ చేశాను. ఆదివారం వస్తున్నాం, ఇక్కడ మంచి నెయ్యి దొరికింది, కిలో తెస్తున్నా అన్నాను. అక్క నోరు తెరిచే లోపే వెనక నుంచి దగ్గు, దగ్గు వెనకే గొంతు.

"కిలో ఎందుకే, వాడు తెస్తే ఏళ్ళ తరబడి వస్తుంది. ఒక చిన్న సీసా చాలను."